ఇంటి పని మధ్య రాత: కొరత టైముదా, వరస టైముదా?

క్లుప్తంగా: ఇల్లు చూసుకుంటూ రాసేవాళ్లకు టైం దొరకదని అందరూ అంటారు. నెల్లూరు, ప్రకాశం జిల్లాల ఇళ్లలో పనులు సాగే తీరు చూస్తే గంటల కొరత ఒక్కటే కారణంగా కనిపించదు. ఉన్న గంటలు ముక్కలు ముక్కలుగా ఉండటం, ఇంటి గురించిన ఆలోచనంతా ఒకే మనిషి తలలో ఉండటం అంతకన్నా పెద్ద అడ్డంకులు. తిక్కన నాటి నుంచి నేటి ఫోన్ యాప్‌ల దాకా ఎవరు ఏ రూపంలో రాశారన్నది కూడా చాలావరకు దీని మీదే ఆధారపడింది.

వాన పడుతూ పడుతూ కాసేపు ఆగితే దాన్ని తెరిపి అంటారు. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా వానలు కురిసే నెల్లూరులో ఈ మాట విలువ అందరికీ తెలుసు. తెరిపి ఇస్తే అంగడికి పోయి రావచ్చు, గుమ్మం ముందు నీళ్లు తోసేయవచ్చు. వడియాలు మాత్రం ఎవరూ పెట్టరు. వడియానికి రెండు మూడు రోజుల ఎండ వరసగా కావాలి. వాన మళ్లీ ఎప్పుడు అందుకుంటుందో ఎవరికీ తెలియదు.

ఇల్లు నడుపుతూ రాయాలనుకునేవాళ్లకు దొరికే టైం కూడా ఇలాంటిదే. కవిత, కథ, నవల రాసేవాళ్లు ఊళ్లలో కొత్తగా పుట్టుకురాలేదు. కొత్తగా వచ్చింది ఫోన్. పత్రిక ఆఫీసుకు కవరు పంపి నెలలు ఎదురుచూడకుండా, రాసినది రాసినట్టు పాఠకులకు చేరే వీలు అది తెచ్చింది. దాంతో రాసేవాళ్లు పెరిగారు, వాళ్లకు ఇచ్చే సలహాలూ పెరిగాయి. తెల్లవారుజామున నాలుగింటికి లేవమని, రోజుకు పది నిమిషాలు కేటాయించమని, టైం మేనేజ్‌మెంట్ నేర్చుకోమని చెబుతారు. ఈ సలహాలు కొందరికి పనిచేస్తాయి, చాలామందికి పనిచేయవు. పనిచేయకపోతే తప్పు తమలోనే ఉందని టెన్షన్ పడటం మామూలైంది. అయితే ఆ సలహాల వెనక ఉన్న లెక్కే సరిగా లేదేమో చూడాల్సి ఉంది.

202 నిమిషాల తేడా

జాతీయ గణాంక కార్యాలయం 2019లో దేశమంతటా టైం యూజ్ సర్వే చేసింది. ఎవరు ఏ పనికి రోజుకు ఎన్ని నిమిషాలు పెడుతున్నారో అడిగి రాసుకున్నది అదే. జీతం లేని ఇంటి పనికి, ఆ పని చేసే ఆడవాళ్లు సగటున 299 నిమిషాలు పెడుతుంటే మగవాళ్లు 97 నిమిషాలు పెడుతున్నారని తేలింది. అసలు ఆ పనిలో చెయ్యి పెట్టేవాళ్లే ఆడవాళ్లలో 81.2 శాతం ఉంటే, మగవాళ్లలో 26.1 శాతం ఉన్నారు. ఇది ఆరేళ్లు దాటిన అందరినీ కలిపి వేసిన సగటు కాబట్టి, బడికి పోయే పిల్లలూ ఇందులో ఉన్నారు.

2024లో మళ్లీ సర్వే చేస్తే ఆ అంకెలు 289, 88 అయ్యాయి. ఆడవాళ్లకు పది నిమిషాలు తగ్గాయని సంతోషించే ముందు రెండో అంకె చూడాలి. మగవాళ్లకూ తొమ్మిది నిమిషాలు తగ్గాయి. ఇద్దరి మధ్య తేడా 2019లో 202 నిమిషాలు, 2024లో 201. ఐదేళ్లలో కదిలింది ఒక్క నిమిషం. మగవాళ్లు పని అందుకోవడం వల్ల ఈ తగ్గుదల రాలేదని అంకెలే చెబుతున్నాయి. మిక్సీ, వాషింగ్ మెషీన్, ఇంటి కుళాయి, వీధి చివర కర్రీ పాయింట్ లాంటివి ఇద్దరి పనినీ కొంచెం తగ్గించి ఉండాలి.

అయినా 289 నిమిషాలంటే ఐదు గంటల లోపే. నిద్రకు ఎనిమిది గంటలు తీసేసినా ఇంకా పదకొండు గంటలు మిగలాలి. "మధ్యాహ్నం ఖాళీయేగా, రాసుకోవచ్చు కదా" అని ఇంట్లోవాళ్లు అనేది ఈ లెక్కతోనే. కూడిక తీసివేతల్లో అందులో తప్పు పట్టలేం. పట్టాల్సింది సర్వే కొలిచే పద్ధతిలో ఉంది. రోజును అరగంట ముక్కలుగా విడగొట్టి, ఒక్కో ముక్కలో పది నిమిషాలైనా చేసిన పనిని రాసుకుంటారు. మోటరు కట్టేయడానికి ఒక నిమిషం, కొరియర్ వాడికి తలుపు తీయడానికి రెండు నిమిషాలు, కుక్కర్ మూడో విజిల్‌కి లేచి స్టవ్ తిప్పడానికి అర నిమిషం పడుతుంది. ఇవేవీ ఆ కొలతకు అందవు. రాత పాడయ్యేది ముఖ్యంగా వీటి వల్లే.

పని వేరు, నడపడం వేరు

ఇంటి పని, ఇల్లు నడపడం ఒకటేనని అనుకుంటారు. అంట్లు తోమడం పని. తోమే సబ్బు అయిపోవచ్చిందని గుర్తుండటం నడపడం. మొదటిది డబ్బిచ్చి చేయించుకోవచ్చు. రెండోదాన్ని పనిమనిషికి అప్పగించలేరు సరికదా, పనిమనిషి వస్తే ఆమె ఏ రోజు రాదో గుర్తుపెట్టుకునే పని కూడా అందులో చేరుతుంది.

కావలిలోనో ఒంగోలులోనో ఒక మామూలు ఇల్లు అనుకుందాం. ఆ ఇంటిని నడిపే మనిషి తలలో ఒకే సమయంలో చాలా ఉంటాయి. దోసెల పిండి రేపటికి వస్తుందా రాదా. మినరల్ వాటర్ క్యాన్ ఎప్పుడు చెప్పాలి. గ్యాస్ బుక్ చేసి ఎన్ని రోజులైంది. మామగారి బీపీ మాత్రల స్ట్రిప్‌లో ఇంకెన్ని మిగిలాయి. పొదుపు గ్రూపు మీటింగ్ ఎప్పుడు, చీటీ డబ్బు ఎవరి చేతికివ్వాలి. పిల్లవాడి ప్రాజెక్టుకు చార్టు పేపరు. ఇవి కాక చదివింపుల నోటు పుస్తకం ఒకటి. ఏ పెళ్లికి ఎవరు ఎంత చదివించారో, తిరిగి ఎంత పెట్టాలో, ఏ బంధువు దగ్గర ఏ మాట ఎత్తకూడదో కూడా ఆ తలలోనే ఉంటాయి. పుస్తకంలో అంకెలు మాత్రమే రాసి ఉంటాయి.

ఈ జాబితాకు ముగింపు ఉండదు. పొలం పనికి కోత అయ్యాక విరామం ఉంటుంది, ఆఫీసుకు ఆదివారం ఉంటుంది. ఇల్లు నడపడానికి పండగ రోజు రెట్టింపు పని. కాబట్టి మధ్యాహ్నం రెండింటికి చెయ్యి ఖాళీ అయినా తల ఖాళీ కాదు. రాయడానికి కావాల్సింది ప్రధానంగా తలే.

మగవాళ్లకు ఈ ఇబ్బంది లేదా అంటే, ఇంటిని నడిపే మగవాళ్లకు ఉంది. భార్య ఉద్యోగానికి పోతే ఇల్లు చూసుకునేవాళ్లు, ఒంటరిగా అమ్మానాన్నలను చూసుకునే కొడుకులు ఇదే చెబుతారు. సమస్య ఆడవాళ్లకే ఎక్కువగా కనిపించడానికి కారణం ఆ కుర్చీలో వాళ్లే ఎక్కువగా ఉండటం. 2011 జనాభా లెక్కల్లో ఇంటి పనే తమ ప్రధాన వృత్తి అని చెప్పినవాళ్లు ఆడవాళ్లలో 15.98 కోట్లు, మగవాళ్లలో 57.9 లక్షలు. 2021 జనవరి 5న ఒక ప్రమాద పరిహారం కేసులో సుప్రీంకోర్టు ఇచ్చిన తీర్పుకు జస్టిస్ ఎన్.వి. రమణ విడిగా రాసిన అభిప్రాయంలో ఈ అంకెలనే ఎత్తి చూపారు. గృహిణి పనికి డబ్బులో విలువ కట్టాల్సిందేనని ఆయన అందులో రాశారు. కోర్టు విలువ కట్టేది మనిషి పోయాక పరిహారం కోసం. ఆ మనిషి ఉండగా ఇంట్లో ఆ విలువను లెక్కించేవాళ్లు తక్కువ. దానికి రాత కూడా తోడైతే, జీతం రాని రెండు పనులు ఒకే మనిషి నెత్తిన పడతాయి. ఏదో ఒకటి ఆపాల్సి వస్తే ఏది ఆగుతుందో చెప్పనక్కర్లేదు. వంట ఆగితే సాయంత్రానికి తెలుస్తుంది, కథ ఆగితే ఎవరికీ తెలియదు.

రోజుకో రూపాయి లెక్క ఇక్కడ ఎందుకు సరిపోదు

నెల్లూరు జిల్లాకు పొదుపు గురించి వేరే చెప్పక్కర్లేదు. 1990ల మొదట్లో రాత్రిళ్లు అక్షరాస్యత తరగతుల్లో చదువుకున్న ఆడవాళ్లు దూబగుంట నుంచి సారా వ్యతిరేక ఉద్యమం లేపారు. 1993 అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధం వచ్చింది. సారాకు పోయే డబ్బు ఇంట్లో మిగిలాక, రోజుకో రూపాయి దాచే పొదుపు లక్ష్మి గ్రూపులు ఊరూరా పుట్టాయి. పగలంతా కూలికి పోయి, వంట చేసి, పిల్లలను పడుకోబెట్టి, ఆ తర్వాత పలక పట్టినవాళ్లు జిల్లా చరిత్రనే మార్చారు కదా, మరి నాలుగు పేజీలు రాయలేరా అని ఎవరైనా అడగవచ్చు. ప్రశ్న సబబే. అయితే ఆ తరగతికి ఒక గంట కట్టి ఉంది, పదిమంది కలిసి కూర్చునేవాళ్లు, ఆ గంటలో ఇంట్లోంచి ఎవరైనా పిలిస్తే "చదువుకు పోయింది" అనే సమాధానం ఉంది. ఒంటరిగా వంటింటి గట్టు మీద కూర్చుని రాసుకునే మనిషికి ఈ మూడూ లేవు.

రోజుకో రూపాయి దాస్తే ఏడాదికి 365 రూపాయలు అవుతాయి. రూపాయి ఎప్పుడు వేసినా రూపాయే. రోజుకు పది నిమిషాల సలహా ఈ లెక్క మీదే నిలబడింది. నిమిషాలు మాత్రం అలా కూడవు. ఆపిన కథ దగ్గరికి తిరిగి వచ్చినప్పుడు, పాత్ర ఎక్కడ నిలబడి ఉంది, ఏ మాట అనబోయింది, వాక్యం ఏ లయలో నడుస్తోంది అన్నవన్నీ మళ్లీ తలలోకి తెచ్చుకోవాలి. దానికే ఎనిమిది నిమిషాలు పడితే మిగిలేవి రెండు. అరవై నిమిషాలు వరసగా ఉంటే ఆ ఎనిమిది ఒక్కసారే ఖర్చవుతాయి. ఆరు ముక్కలైతే ఆరుసార్లు.

మనస్తత్వ పరిశోధనలో దీనికి ఒక పేరుంది. ఒక పని సగంలో వదిలి ఇంకో పనికి మారితే మొదటిదాని తాలూకు ధ్యాస కొంత మనసులో మిగిలిపోయి రెండోదాన్ని పాడుచేస్తుందని సోఫీ లెరాయ్ 2009లో చూపించారు. ఆమె దాన్ని 'అటెన్షన్ రెసిడ్యూ' అన్నారు. తెలుగులో 'అంటు' అంటే సరిపోతుంది. గిన్నెకు అంటినట్టే మనసుకూ అంటుతుంది. గిన్నెల అంట్లు తోమితే పోతాయి, పూర్తికాని పని అంటు అది పూర్తయ్యేదాకా పోదు. ఇల్లు నడపడంలో పూర్తయ్యే పనులే తక్కువ.

ఆస్పత్రి వరండాల్లో, రైల్లో బాగా రాయగలిగామని కొందరు చెప్పడానికి కారణం కూడా ఇదే కావచ్చు. నెల్లూరు నుంచి పెద్దవాళ్లను చెన్నై ఆస్పత్రులకు తీసుకుపోయేవాళ్లు గంటల తరబడి బయట కూర్చుంటారు. అది సుఖమైన టైం కాదు. కానీ ఆ గంటల్లో వాళ్లను కాఫీ అడిగేవాళ్లుండరు, మోటరు శబ్దం వినిపించదు.

నేల మారితే పని మారుతుంది

రెండు జిల్లాలను ఒకే గాటన కట్టలేం. పాత ప్రకాశం జిల్లా పశ్చిమ భాగంలో, ముఖ్యంగా కనిగిరి ప్రాంతంలో, భూగర్భ జలాల్లో ఫ్లోరైడ్ ఎక్కువ. తాగే నీళ్లు కొనుక్కోవాలి, వాడుక నీళ్లకు ఎండాకాలంలో ట్యాంకర్ కోసం ఎదురుచూడాలి. ట్యాంకర్ ఎప్పుడు వస్తుందో తెలియని రోజు, ఆ రోజంతా తెరిపి కిందే లెక్క. మనిషి ఇంట్లోనే ఉంటుంది, చేతిలో పనీ ఉండదు, చెవి మాత్రం వీధిలో ఉంటుంది. నీళ్లు రావడానికి ఒక టైం కట్టి ఉండే ఇంటికీ లేని ఇంటికీ మధ్య తేడా బిందెల బరువులో కంటే ఇక్కడే ఎక్కువ.

పొగాకు పండే ఊళ్లలో ఇంకో రకం. ఆకు కోసి బ్యారన్‌లో, అంటే ఆకును వేడితో ఆరబెట్టే కొట్టంలో, పెట్టాక రాత్రీ పగలూ వేడి చూసుకుంటూ ఉండాలి. ఆ రోజుల్లో ఇంటి వంట కూలీల వంటగా, బ్యారన్ దగ్గరికి పంపే క్యారియర్‌గా మారుతుంది. ఆకు కర్రలకు కట్టే పనిలో ఇంటి ఆడవాళ్లూ ఉంటారు. వేలం మొదలయ్యాక ధర మీద టెన్షన్ ఇల్లంతా కమ్ముకుంటుంది. ఇంత ఒత్తిడి ఉన్నా దీనికి కాలం కట్టి ఉంది. సీజన్ అయిపోతే నిజంగానే కొంత విశ్రాంతి వస్తుంది. రాత దృష్టితో చూస్తే, ఏడాది పొడవునా పది నిమిషాలు దొరికే టౌను ఇంటి కంటే ఆరు నెలలు ఏమీ దొరకక, తర్వాత రెండు నెలలు కాస్త వరసగా దొరికే పల్లెటూరి ఇల్లే మేలు కావచ్చు. ఇది వినడానికి వింతగా ఉంటుంది.

నెల్లూరు టౌనులో అతిథులది పెద్ద లెక్క. మొహర్రం రోజుల్లో స్వర్ణాల చెరువు దగ్గర బారాషహీద్ దర్గా రొట్టెల పండగకు లక్షల మంది వస్తారు. వాళ్లలో కొందరు బంధువుల ఇళ్లలో దిగుతారు. చదువు రొట్టె, ఉద్యోగం రొట్టె, పెళ్లి రొట్టె అని కోరికకో పేరు పెట్టి చెరువు నీళ్లలో రొట్టెలు మార్చుకుంటారు. రాసుకోవడానికి టైం రొట్టె ఉంటే దాని కోసం నిలబడేవాళ్లూ తక్కువేం ఉండరు. నిలబడాలంటే మాత్రం ఇంట్లో దిగిన పదిమందికి ముందు టిఫిన్ పెట్టి రావాలి.

ఇక ఎండాకాలం. పిల్లలకు సెలవులు, ఆవకాయ, వడియాలు, పెళ్లిళ్లు అన్నీ ఒకేసారి వస్తాయి. ఏప్రిల్ నుంచి జూన్ మధ్య దాకా ఇంట్లో ఎప్పుడూ ఎవరో ఒకరు మేలుకునే ఉంటారు.

తిక్కన పక్కన గురునాథుడు

ఈ నేల మీద రాసినవాళ్ల చరిత్రను కూడా ఈ కోణంలోంచి చూడవచ్చు. పదమూడో శతాబ్దంలో నెల్లూరులో మనుమసిద్ధి దగ్గర మంత్రిగా ఉన్న తిక్కన భారతంలో పదిహేను పర్వాలు తెలుగు చేశాడు. మంత్రి పదవి తీరిక ఉన్న ఉద్యోగం కాదు. అయినా ఆయనకు రాయసకాడు ఉన్నాడు. ఆయన పద్యాలు చెబుతుంటే గురునాథుడు రాసుకుంటూ పోయేవాడని, ఒకచోట పద్యం ముందుకు సాగక తిక్కన "ఏమి సెప్పుదుం గురునాథ" అంటే గురునాథుడు అదే రాసేశాడని, సంజయుడు ధృతరాష్ట్రుడిని 'కురునాథా' అని పిలుస్తున్నట్టుగా అది పద్యంలో సరిగ్గా కుదిరిందని ఒక కథ తరతరాలుగా చెప్పుకుంటున్నారు. నిజమో కాదో గానీ కథ చెప్పే సంగతి స్పష్టం. కవి ఆగిపోయిన క్షణంలో కూడా పక్కన కలం పట్టుకున్న మనిషి ఒకడు ఉన్నాడు. ఆగిపోవడం కూడా వృథా పోలేదు. తిక్కన ఇంట్లో నీళ్లు ఎవరు తెచ్చారో ఏ కథా చెప్పదు.

రామాయణం రాసిన మొల్ల గోపవరం మల్లేశ్వరుడి దయవల్ల తనకు కవిత్వం అబ్బిందని చెప్పుకుంది. ఆ గోపవరం ఎక్కడిదన్న దాని మీద నెల్లూరుకూ కడపకూ మధ్య వాదన ఉంది. తనకు వ్యాకరణాలూ ఛందస్సులూ తెలియవని ఆమె చెప్పుకున్న మాటలు ప్రసిద్ధం. దాదాపు 870 పద్యాల ఆ కావ్యాన్ని ఐదు రోజుల్లో రాసిందని అంటారు. రోజుకు 170 పైచిలుకు పద్యాలన్నమాట. నమ్మడం కష్టం. అయినా జనం ఊహలో గమనించాల్సింది ఒకటుంది. ఆడమనిషి పెద్ద కావ్యం రాయాలంటే రోజూ కాస్త కాస్త రాసి ఉంటుందని ఎవరూ కథ కట్టలేదు. ఎవరూ కదిలించని ఐదు రోజులు ఆమెకు ఇచ్చారు.

ఇటీవలి కాలానికి వస్తే పొణకా కనకమ్మ కనిపిస్తారు. 1892లో పుట్టారు. చిన్న వయసులోనే పెళ్లయి పొట్లపూడి వచ్చారు. బడి చదువు లేకుండా సొంతంగా చదువుకుని పద్యాలు, వ్యాసాలు రాశారు. 1923లో నెల్లూరులో కస్తూరిదేవి విద్యాలయం స్థాపించారు, సత్యాగ్రహంలో జైలుకు వెళ్లారు. భూములున్న ఇల్లు, పనికి మనుషులున్న ఇల్లు కాబట్టే అది వీలైందనవచ్చు. అదే వసతి ఉన్న ఎన్నో ఇళ్లలోంచి అలాంటివాళ్లు రాలేదన్నది కూడా నిజం. పనివాళ్లు ఉంటే చేతులు ఖాళీ అవుతాయి. ఖాళీ చేతులతో ఏం చేయాలన్నది వేరే సంగతి. ఆమె 1963లో చనిపోతే, ఆత్మకథ పుస్తకంగా అచ్చయ్యేసరికి దాదాపు అర్ధ శతాబ్దం గడిచింది.

ఒంగోలు దగ్గర దొడ్డవరంలో పుట్టిన భానుమతీ రామకృష్ణది మరో దారి. నటన, పాట, దర్శకత్వం, స్టూడియో నిర్వహణ మధ్య ఆమె రాసిన అత్తగారి కథలన్నీ ఇంట్లోంచే వచ్చాయి. ఆవకాయ పెట్టడం లాంటి ఇంటి వ్యవహారమే ఒక్కో కథకు సరుకు. ఒక్కో కథ దేనికదే పూర్తయ్యేది. అంతరాయంగా కనిపించేదాన్నే కథావస్తువు చేసుకోవడం ఒక ఉపాయం. అందరికీ కుదిరేది కాదు. విసుగును నవ్వుగా మార్చడానికి కూడా కొంత దూరం కావాలి.

ముక్కల కాలానికి సరిపోయిన రూపాలు

ఇప్పటి ప్రకాశం జిల్లా ఇనమనమెళ్లూరులో పుట్టిన డాక్టర్ కె.ఎన్. కేసరి 1928లో మద్రాసు నుంచి గృహలక్ష్మి పత్రిక మొదలుపెట్టారు. ఆడవాళ్ల కోసం నడిచిన ఆ పత్రికలో బాపట్లకు చెందిన కనుపర్తి వరలక్ష్మమ్మ శారద లేఖలు రాశారు. శారద తన స్నేహితురాలు కల్పలతకు ఉత్తరాలు రాస్తున్నట్టు ఉంటాయవి. ఉత్తరం అనే రూపం అనుకోకుండా వచ్చింది కాదనిపిస్తుంది. ఉత్తరాన్ని ఎక్కడైనా ఆపవచ్చు, "ఇప్పుడే ఎవరో వచ్చారు, మళ్లీ రాస్తాను" అని ముగించినా చెల్లుతుంది. కథకు, నవలకు ఆ వెసులుబాటు లేదు.

1960, 70లలో వారపత్రికల సీరియళ్లతో తెలుగులో రచయిత్రుల నవలలు వెల్లువెత్తాయి. పాఠకుల అభిరుచి, పత్రికల పోటీ, ఆడవాళ్ల చదువు పెరగడం లాంటి కారణాలు దీనికి చెబుతారు. వాటికి తోడు ఇంకొకటి చేర్చవచ్చు. సీరియల్ వారానికి ఒక భాగం అడుగుతుంది. గడువు పత్రికది కాబట్టి ఇంట్లో ఆ గడువుకు కొంత మర్యాద దొరుకుతుంది. "రాసుకోవాలి" అంటే పట్టించుకోని ఇల్లు "గురువారానికి పంపాలి" అంటే వింటుంది. పారితోషికం మనియార్డరు వస్తే ఇంకా బాగా వింటుంది.

యాప్‌లు ఈ గడువును ఇంకా చిన్నది చేశాయి. 2014లో మొదలైన ప్రతిలిపి లాంటి వేదికల్లో సీరియల్ రోజుకో భాగంగా నడుస్తుంది. చిన్న భాగం, వెంటనే కామెంటు, మర్నాడు ఇంకో భాగం. ముక్కల కాలానికి ఇంతకంటే అతికినట్టు సరిపోయే ఏర్పాటు ఉండదు. వాయిస్ టైపింగ్‌తో పోపు వేస్తూ కూడా డైలాగు చెప్పవచ్చు. నష్టం వేరే చోట ఉంది. రోజూ భాగం పెట్టాలి కాబట్టి వెనక్కి వెళ్లి దిద్దే అవకాశం పోతుంది. ముప్పయ్యో భాగం రాశాక మూడో భాగంలో పాత్ర తప్పు చేసిందని తెలిసినా అప్పటికే వేలమంది చదివేసి ఉంటారు. రాయడం ముక్కల్లో సాగుతుంది గానీ దిద్దడం సాగదు. దిద్దాలంటే మొత్తం ఒకేసారి కళ్ల ముందు ఉండాలి. యాప్ రచయితలకు నాణ్యత లేదని విమర్శించేవాళ్లు ఇది గమనించరు. అక్కడ లోటు తరచుగా ప్రతిభలో ఉండదు, రెండో ప్రతి రాసేంత వరస టైంలో ఉంటుంది.

ఫోన్‌తో ఇంకో చిక్కు ఉంది. రాసే పరికరం, ఇల్లు నడిపే పరికరం ఒకటే అయ్యాయి. నోటు పుస్తకం తెరిస్తే అపార్ట్‌మెంట్ వాట్సాప్ గ్రూపు మెసేజ్ రాదు. ఫోన్‌లో వస్తుంది, స్కూల్ ఫీజు రిమైండర్ కూడా వస్తుంది. పైగా ఫోన్ చూస్తున్న మనిషి రాస్తోందో రీల్స్ చూస్తోందో పక్కవాళ్లకు తెలియదు. పుస్తకం, పెన్ను పట్టుకున్న మనిషిని పిలవడానికి కాస్తయినా సంకోచిస్తారు.

సాయం ఎలా చేస్తే టైం మిగులుతుంది

"సాయం చేస్తాను, ఏం చేయాలో చెప్పు" అనే భర్తలు, పిల్లలు ఈ రోజుల్లో చాలా ఇళ్లలో ఉన్నారు. అయినా రాసే టైం పెద్దగా పెరగకపోవడానికి కారణం ఆ వాక్యంలోనే ఉంది. ఏం చేయాలో చెప్పడమే అసలు పని, అది ఇల్లు నడిపే మనిషి దగ్గరే ఉండిపోతోంది. కూరగాయలు తేవడం ఒకరికి అప్పగిస్తే నలభై నిమిషాలు మిగులుతాయి. వారంలో ఏ రోజు ఏ కూర, ఇంట్లో ఏముంది, ఏం తేవాలి అన్న ఆలోచనతో సహా అప్పగిస్తే, అంతకన్నా విలువైన చోటు తలలో ఖాళీ అవుతుంది. పని కింద కాకుండా శాఖ కింద అప్పగించడం అనుకోవచ్చు. నీళ్లు, క్యాన్, ట్యాంకర్, మోటరు ఒక శాఖ. పెద్దవాళ్ల మందులు, చెన్నై ప్రయాణం ఇంకోటి.

ఇలా మార్చుకున్న ఇళ్లలో మొదటి రెండు మూడు నెలలు కష్టంగా ఉంటుంది. క్యాన్ చెప్పడం మరిచిపోతారు, మాత్రలు అయిపోయాక తెలుస్తుంది. చూసి చూసి "నేనే చేసుకుంటాలే" అనే మాట వచ్చేది సరిగ్గా ఇక్కడే. చాలా ఇళ్లు వెనక్కి పోయేది కూడా ఇక్కడినుంచే. అంతకు ముందు ఆ పనులు చూసిన మనిషి కూడా వాటిని ఏళ్ల తరబడి తప్పులు చేసి నేర్చుకుందన్నది అప్పటికి ఎవరికీ గుర్తుండదు.

గంటలకు కంచె వేయడానికి ఇంటి బయటి చోటు కూడా కొంత ఉపయోగపడుతుంది. అక్షరాస్యత తరగతికి ఉన్న మూడు వసతులు, అంటే కట్టిన గంట, తోడు, చెప్పుకోదగ్గ సమాధానం, ఇవాళ లైబ్రరీ గానీ నెలకోసారి కూడే సాహితీ సమావేశం గానీ ఇవ్వగలవు. పాత ప్రకాశం జిల్లాలోని వేటపాలెంలో 1918లో పుట్టిన సారస్వత నికేతనం లాంటి గ్రంథాలయాల సంప్రదాయం ఈ ప్రాంతానికి ఉంది. ఇబ్బందల్లా సమావేశాల వేళలతో. సాహిత్య సభలు ఎక్కువగా ఆదివారం సాయంత్రం పెడతారు. ఇంట్లో అందరూ ఉండే రోజు, రాత్రి వంట మొదలయ్యే వేళ. వక్తల పట్టికలో రచయిత్రులు తక్కువున్నారని బాధపడేవాళ్లు ముందు వేళను మంగళవారం పదకొండింటికి మార్చి చూడవచ్చు. ఉద్యోగస్తులకు అది కుదరదు. ఎవరికి కుదిరే వేళను మామూలు వేళగా అనుకుంటున్నామో అప్పుడైనా బయటపడుతుంది.

రాబోయే పదేళ్లలో ఈ రెండు జిల్లాల నుంచి యాభై దాటాక మొదటి పుస్తకం వేసేవాళ్లు పెరిగే అవకాశం ఉంది. పిల్లలు చదువులకో ఉద్యోగాలకో చెన్నై, బెంగళూరు, హైదరాబాదు వెళ్లిపోయాక ఇళ్లు ఖాళీ అవుతున్నాయి. ముప్పయ్యేళ్లు తలలో పేరుకున్న సరుకు ఉంది, అచ్చు ఖర్చు మునుపటి కంటే అందుబాటులోకి వచ్చింది. అయితే అదే వయసుకు అత్తమామలో అమ్మానాన్నలో ఎనభైకి చేరతారు. 2024 సర్వేలో ఇంట్లోవాళ్ల సంరక్షణకు, ఆ పని చేసే ఆడవాళ్లు రోజుకు 137 నిమిషాలు పెడుతున్నారు, మగవాళ్లు 75. పిల్లల స్కూల్ ఆటో వెళ్లిపోయిన ఇంట్లో ఉదయం ఎనిమిదింటికి మాత్రల డబ్బా తెరవాలి, తొమ్మిదింటికి షుగర్ చూడాలి, పదింటికి ఫిజియోథెరపీ అబ్బాయి వస్తాడు.